ఆరు ఖాళీ గదుల జమీందారు గారికి

మహారాజశ్రీ మ్యాక్ ప్రో గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, నా పాత డెస్క్‌టాపూ క్షేమం. దాని ఫ్యాను మాత్రం కాస్త దగ్గుతోంది. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. ఉండకేం, యాపిల్ కంపెనీ కంప్యూటర్లన్నిటికీ పెద్దన్నగా, 2023లో 6,999 డాలర్ల దగ్గర మొదలైన ప్రాణం తమరిది.

ముందే చెప్పేస్తున్నాను, నేను తమర్ని కొనను. కొనలేను అంటే ఇంకా నిజం. అయినా తమరి గురించి ఎక్కువ మాట్లాడేది ఎప్పుడూ కొననివాళ్ళే కదా! కొనేవాళ్ళు ఆఫీసు ఖాతాలో బిల్లు రాయించి, చప్పుడు చెయ్యకుండా పని చేసుకుంటారు. మేము అలా కాదు. తమరు విడుదలైన రాత్రి, లోపల ఏమేం కావాలో ఎంచుకునే కాన్ఫిగరేషన్ పేజీ తెరుస్తాం. అన్నిటికన్నా పెద్ద ర్యామ్, ఫైళ్ళు దాచుకునే ఎస్ఎస్‌డీ అన్నిటికన్నా పెద్దది, ఊరికే పోనివ్వడం దేనికని డబ్బా కింద చక్రాలు కూడా టిక్కు పెడతాం. కింద మొత్తం ఎంతయిందో చూసి, స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ పంపి, కొన్నంత తృప్తిగా పడుకుంటాం. 2019లో అలా టిక్కులు పెడితే లెక్క 52 వేల డాలర్లు దాటింది. పైసా ఖర్చు లేకుండా అంత వినోదం ఇంకెవరిస్తారు?

తమరి వంశం సంగతి నాకు తెలియంది కాదు. 2006లో 2,499 డాలర్లకి పుట్టారు. అప్పట్లో తలుపు తీస్తే లోపల ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. 2013లో నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ పాతిక సెంటీమీటర్ల ఎత్తున వచ్చారు. మాకు కొత్తవి కనిపెట్టడం చేతకాదన్నవాళ్ళకి ఇదే జవాబని యాపిల్‌వాళ్ళు వేదిక మీద ఛాతీ విరుచుకుని చూపించారు. జనం చూసి ‘చెత్తబుట్ట’ అన్నారు. అందంలో లోటు లేదు. లోపల రెండు గ్రాఫిక్స్ చిప్‌లు, నడి మధ్యలో వేడి లాగే దిమ్మ, పైన ఒకే ఫ్యాను. ఇంకా పెద్ద చిప్ పెడదామంటే ఆ వేడి పోయే దారి లేదు. 2017లో యాపిల్ పెద్దలు కొద్దిమంది విలేకరులను పిలిచి, వేడి విషయంలో మమ్మల్ని మేమే ఒక మూలకి నెట్టుకున్నాం అని ఒప్పుకున్నారు. అంత పెద్ద కంపెనీ నోట తప్పయిందన్న మాట వినడమే అపురూపం. ఆ ఒక్క మాటకే సగంమంది క్షమించేశారు.

2019లో తమరు మళ్ళీ టవర్ రూపంలో వచ్చారు. మొహం నిండా కన్నాలు. ఈసారి ‘చీజ్ తురుముపీట’ అన్నారు. పేర్లు పెట్టడంలో జనం ఎప్పుడూ పొదుపు చెయ్యరు. ధర 5,999 డాలర్లు, దానికి లోపల 256 జీబీ ఎస్ఎస్‌డీ. తమరితోపాటు వచ్చిన మానిటర్ స్టాండు 999 డాలర్లని వేదిక మీద చెప్పగానే హాల్లో గుసగుస లేచింది. అది డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని చప్పట్లు కొట్టడానికి వచ్చిన జనం. అయినా మిమ్మల్ని తిట్టుకుంటూనే మెచ్చుకున్నాం. ఎందుకంటే తలుపు మళ్ళీ తెరుచుకుంది. పైన పిడి తిప్పి లాగితే కవచం మొత్తం లేచొచ్చేది. లోపల ర్యామ్ మార్చుకోవచ్చు, గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవచ్చు. ర్యామ్ ఒకటిన్నర టెరాబైట్ల దాకా పట్టేది.

ఇక అసలు విషయానికి వస్తాను. 2023 జూన్‌లో తమరి కొత్త అవతారం. బట్టలు పాతవే. లోపల ఇంటెల్ చిప్ పోయి యాపిల్ సొంత చిప్ ఎం2 అల్ట్రా కూర్చుంది. లెక్కలు చేసే సీపీయూకి 24 కోర్లు, బొమ్మలు గీసే జీపీయూకి 76 దాకా. చిప్‌కి నేను వంక పెట్టను. గొడవల్లా ఏమిటంటే, అచ్చం అదే చిప్‌ని అదే రోజు తమరి తమ్ముడు మ్యాక్ స్టూడియోకి కూడా పెట్టారు. ఆయన ఎత్తు పది సెంటీమీటర్లు కూడా లేదు, బల్ల మీద ఓ మూల ఒదిగిపోతాడు. ర్యామ్ అదే 64 జీబీ, ఎస్ఎస్‌డీ అదే 1 టీబీ. ధర 3,999 డాలర్లు.

మరి మూడు వేల తేడా దేనికి? కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. తమరికి రెండు థండర్‌బోల్ట్ పోర్టులు, ఒక ఈథర్‌నెట్ పోర్టు, ఒక హెచ్‌డీఎంఐ ఎక్కువున్నాయి. వాటిని కొసరు కింద వేశాను. మిగిలింది ఆరు ఖాళీ పీసీఐ స్లాట్‌లు. మూడు వేలని ఆరుతో భాగిస్తే ఒక్కో స్లాట్‌కి 500 డాలర్లు. కార్డుకి కాదు సుమండీ, కార్డు పెట్టుకునే సందుకి!

పోనీ, సందు కొన్నాం. అందులో ఏం పెట్టుకోవాలి? సౌండు కార్డులు పెట్టుకోండి, వీడియో లోపలికీ బయటికీ పంపే కార్డులు పెట్టుకోండి, స్టోరేజీ, నెట్‌వర్కు కార్డులు పెట్టుకోండి అన్నారు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం వద్దన్నారు. పెట్టినా పని చెయ్యదు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) లేదు. టవర్ కొనేవాళ్ళలో సగంమంది స్లాట్ అనగానే ముందు తలుచుకునేది గ్రాఫిక్స్ కార్డునే. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్న సామెత పుట్టినప్పుడు పీసీఐ స్లాట్‌లు లేవు గానీ, ఉంటే ఇంత కష్టపడి అల్లుణ్ణి తెచ్చేవాళ్ళు కాదు.

ర్యామ్ సంగతి ఎత్తితే నాకు కళ్ళు చెమరుస్తాయి. ఒకటిన్నర టెరాబైట్ల నుంచి 192 జీబీకి దిగారు. సరిగ్గా ఎనిమిదో వంతు. రూపాయిలో రెండణాలు మిగిలినట్టు. న్యాయంగా చెప్పాలంటే ఇది పాత ర్యామ్‌లాంటిది కాదు, సీపీయూ, జీపీయూ రెండూ ఒకే గిన్నెలోంచి వాడుకుంటాయి. గ్రాఫిక్స్ పనికి 192 జీబీ దొరకడం చిన్న విషయమేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ అది చిప్‌తో కలిపి అతికించేసిన ర్యామ్. కొన్న రోజు ఎంత తీసుకుంటే జన్మంతా అంతే. మూడేళ్ళ తర్వాత నాకు ఎంత పని ఉంటుందో ఇవాళే చెప్పాలట. అది తెలిసినవాణ్ణయితే నేను ఈ కీబోర్డు ముందు ఎందుకుంటాను, జాతకాలు చెప్పుకునేవాణ్ణి కదా!

నా పాత డెస్క్‌టాప్‌కి పక్క డోరు ఉండదు. ఒకప్పుడు ఉండేది. మాటిమాటికీ తీయడమెందుకని పక్కన పెట్టాను, తర్వాత అది ఎక్కడికి పోయిందో తెలియదు. లోపల దూది పేరుకున్నట్టు దుమ్ము. ఓసారి వీడియో ఎడిటింగ్ సగంలో మొరాయిస్తుంటే రెండు ర్యామ్ స్టిక్కులు కొనుక్కొచ్చాను. మెడ వంచి, నోట్లో టార్చి పెట్టుకుని, స్టిక్కుని గాడిలో నిలబెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాను. కదల్లేదు. విరుగుతుందేమోనని టెన్షన్. ఇంకాస్త గట్టిగా నొక్కితే రెండు చివర్లా తెల్ల క్లిప్పులు టప్, టప్‌మని పడ్డాయి. ఆ టప్‌మన్న శబ్దం కోసమే మహానుభావా, మాలాంటివాళ్ళు బల్ల కింద ఇంత పెద్ద డబ్బా పెట్టుకుని కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. తమరు ఆ శబ్దం తీసేసి డబ్బా మాత్రం ఉంచారు.

ఈ మాట అంటే తమరి అభిమానులు వెంటనే, ‘ఇది నీలాంటివాళ్ళకి కాదు, ప్రొఫెషనల్స్‌కి’ అంటారు. ధర అడిగితే నువ్వు ప్రో కాదు. ర్యామ్ అడిగితే నువ్వు ప్రో కాదు. గ్రాఫిక్స్ కార్డు అడిగితే అసలే కాదు. చివరికి తేలిందేమిటంటే, ఏదీ అడగకుండా కార్డు గీకేవాడే ప్రో. నేను చూసిన ప్రొఫెషనల్స్ మాత్రం వేరే రకం. రెండర్‌కి, అంటే వీడియో పూర్తిగా తయారై బయటికి రావడానికి ఎన్ని గంటలు పడుతుందో, ఆ గంటకి ఎంత గిడుతుందో వేళ్ళ మీద లెక్క చెబుతారు. ఆ లెక్క వేసినవాళ్ళు నేరుగా వెళ్ళి తమరి తమ్ముణ్ణి తెచ్చుకుంటారు. ఇంటి నిండా సౌండు కార్డులున్న స్టూడియోవాళ్ళకి మాత్రం తమరే గతి. వాళ్ళని చూస్తే నాకు జాలి, తమరికి ధీమా.

తమరి తరఫు వాదన కూడా విన్నాను. 2019లో వీడియో పనికి ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు విడిగా 2,000 డాలర్లకి అమ్మేవారు. ఎం2 అల్ట్రాలో అలాంటివి ఏడు కలిపి పెట్టినంత సత్తా ఉందని యాపిలే చెప్పింది. ఏడు రెళ్ళు పద్నాలుగు, అంటే 14 వేల డాలర్ల సరుకు లోపలే ఉందన్నమాట. ఆ లెక్కన తమర్ని కొంటే ఏడు వేలు లాభం. నేను కొనకుండా కూర్చుని ఏడు వేలు నష్టపోతున్నాను, ఇంట్లో తెలిస్తే ఊరుకోరు.

ఒక్క విషయంలో మాత్రం తమరి మీద నిజంగా జాలేసింది. 2025 మార్చిలో తమ్ముడికి ఎం3 అల్ట్రా వచ్చింది. ర్యామ్ 512 జీబీ దాకా. ధర మొదలు అదే 3,999. ఆ రోజు తమరికి ఏమీ రాలేదు. అదే ఎం2 అల్ట్రా, అదే 192, అదే 6,999. పండక్కి చిన్నవాడికి కొత్త బట్టలు కుట్టించి, పెద్దవాణ్ణి నీకు పోయినసారివి ఉన్నాయిగా అన్నట్టుంది. పైగా ఆ పోయినసారివే తమ్ముడి కొత్తవాటికన్నా మూడు వేలు ఎక్కువ.

నా విన్నపం చిన్నదే. ఆ ఆరు గదుల్లో ఒక్కదాని తాళం మాకివ్వండి, మాకు నచ్చిన కార్డు పెట్టుకుంటాం. కుదరదంటారా, ఖాళీ గదుల అద్దె బిల్లులోంచి కొట్టేయండి.

ఇట్లు,
తమర్ని ఎప్పటికీ కొనని,
కానీ కాన్ఫిగరేషన్ పేజీ ఎప్పుడూ మూయని,
ఒక శ్రేయోభిలాషి

తా.క. చక్రాల గురించి రాయడం మరిచాను. 2019లో కొనేటప్పుడే పెట్టించుకుంటే 400 డాలర్లు, తర్వాత బుద్ధి పుట్టి 2020లో విడిగా కొన్నవాళ్ళకి 699. అంత పెట్టినా వాటికి లాక్ లేదు. నేల కాస్త వాలుగా ఉంటే తమరే దొర్లుకుంటూ బయటికి వెళ్ళిపోతారు. ఒకవేళ అలా ఎప్పుడైనా మా వైపు వస్తే సంకోచించకండి, నా దగ్గర తలుపు తీసే ఉంటుంది. చెప్పానుగా, ఆ డోరు ఎక్కడో పోయింది.