ఆరు నెలలకని వస్తారు, మూడు రోజుల్లో అన్నీ తిప్పేస్తాం

మా నాన్న వాషింగ్టన్‌లో ఎక్కువసేపు నిలబడిన చోటు వైట్‌హౌస్ కాదు, లింకన్ విగ్రహమూ కాదు. ఒక నల్లరాతి గోడ. అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు ఏ రోజు ఏం చూపించాలో రాత్రుళ్లు కూర్చుని రంగులేసి మరీ తయారు చేసుకున్న నా ఎక్సెల్ షీటులో ఆ గోడకు నేనిచ్చింది 10 నిమిషాలు, అదీ దారిలోనే ఉంది కదా అని. ఆయన ముప్పావు గంట కదల్లేదు. ఆ గోడ సంగతి మళ్లీ చెప్తాను, ముందు ఆ షీటు గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇలాంటి షీటు అమెరికాలో ఉన్న మన పిల్లలందరి దగ్గరా ఒకటి ఉంటుంది.

ఒంగోలు, కావలి, నెల్లూరు నుంచి పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లని ఒకసారి కదిపి చూడండి. ఏం చూశారంటే గబగబా పేర్లు అప్పజెప్తారు. ఎట్లా ఉంది అంటే మాత్రం "బాగానే ఉందిలే, కాళ్లు పీకినయ్" అంటారు. కావలిలో మా పిన్నిని నయాగరా గురించి అడిగితే జలపాతం కంటే ముందు చెప్పింది కారు గురించి. "పోయేటప్పుడు ఏడు గంటలు, వచ్చేటప్పుడు ఏడు గంటలురా. మధ్యలో నీళ్లు చూశాం."

ఇది పిల్లలకు ప్రేమ లేక జరిగేది కాదు. లెక్క కుదరక జరిగేది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఎయిర్‌పోర్టులో ఆరు నెలలు ఉండనిస్తారు. అంటే 26 వారాంతాలు. కొడుక్కో కూతురికో ఏడాది మొత్తానికి రెండు మూడు వారాల సెలవు, అందులో సగం ఇండియా ప్రయాణానికి దాచుకున్నదే. దాంతో ఊళ్లు చూపించే పనంతా లాంగ్ వీకెండ్ల మీద పడుతుంది: మే చివరి సోమవారం మెమోరియల్ డే, జులై 4, సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. సరిగ్గా అప్పుడే అమెరికా మొత్తం రోడ్డెక్కుతుంది. సంక్రాంతికి ముందురోజు హైదరాబాద్‌లో కారేసుకుని బయల్దేరి విజయవాడ హైవే మీద టోల్‌గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లకి ఆ పరిస్థితి విడమరిచి చెప్పక్కర్లేదు. హోటల్ రేటు ఎక్కువ, ప్రతి చోటా క్యూ, పార్కింగ్ దొరకదు, ఆ చిరాకులో మనం అమ్మ మీద విసుక్కుంటాం, ఆమె మౌనంగా కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది.

దీనికి తోడు ఒక భయం ఉంది. మళ్లీ వస్తారో రారో, మోకాళ్లు ఇంకో రెండేళ్లు సహకరిస్తాయో లేదో. అందుకని దొరికినప్పుడే అన్నీ చూపించేయాలని తొందర. ఇంకొకటి కూడా ఉంది గానీ ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గు: ఆ ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పడాలి, అవి మేనత్త చూడాలి.

మనం ఎంత ప్లాన్ చేసినా పెద్దవాళ్లు కాదనరు. నా దృష్టిలో అసలు చిక్కంతా ఇక్కడే. ఎక్కడికి పోదామమ్మా అంటే "మాదేముంది నాయనా, మీరు ఎటు తీసకపోతే అటు" అంటుంది. మనం దాన్ని ఒప్పుకోలు అనుకుంటాం. నిజానికి ఆ మాటకు అర్థం, నీ సెలవు నీది, నీ డబ్బు నీది, నా కష్టం చెప్పి నీ సంతోషం ఎందుకు చెడగొట్టాలి అని.

నాకు ఇది న్యూయార్క్‌లో అర్థమైంది, అదీ ఆలస్యంగా. జులై నెల. ఉదయం తొమ్మిదికి బయటపడ్డాం. టైమ్స్ స్క్వేర్, అక్కణ్నుంచి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, 86వ అంతస్తుకు ఎక్కడానికి క్యూ. మధ్యాహ్నం ఒంటిగంటకు చూస్తే అమ్మ దగ్గర పొద్దున నేనిచ్చిన నీళ్లసీసా మూత కూడా తీయలేదు. తాగమ్మా అంటే దాహం లేదంది. రెండోసారి గట్టిగా అడిగితే అమ్మ నా భార్య చెవిలో చెప్పింది: తాగితే మళ్లీ బాత్‌రూమ్ వెతకాలి, మీకు ఇబ్బంది. షుగరున్న మనిషి, ఎండలో, నాలుగు గంటలు గొంతు తడుపుకోకుండా మా వెనకాల నడిచింది. అంత పెద్ద నగరంలో వీధిలో పబ్లిక్ టాయిలెట్ దొరకడం నిజంగానే కష్టం. ఏదో కాఫీ షాపులోకి దూరి ఏదో ఒకటి కొని తాళం అడగాలి, ఒక్కోచోట బయటి మనుషులకు ఇవ్వరు కూడా. నా షీటులో ప్రతి చోటుకీ టికెట్టు ధర ఉంది, రేటింగ్ ఉంది, ఫొటో ఎక్కడ దిగాలో ఉంది. టాయిలెట్ ఎక్కడో లేదు. కూర్చోవడానికి బెంచీ ఉందో లేదో లేదు.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ముందు చోట్లు రాసుకోకండి, బాత్‌రూములు రాసుకోండి. మ్యూజియం, పెద్ద లైబ్రరీ, పడవ టెర్మినల్, ఏదైనా పెద్ద పార్కు, వీటి చుట్టూ రోజుని అల్లుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. నవ్వొస్తుంది గానీ ఇంటికి చుట్టాలొస్తే మన అమ్మలు చేసేది ఇదే కదా, గడపలో అడుగు పెట్టగానే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, బాత్‌రూమ్ ఇటు అని చూపించాకే మిగతా కబుర్లు.

న్యూయార్క్ సబ్‌వే సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. 472 స్టేషన్లుంటే లిఫ్టూ ర్యాంపూ ఉన్నవి సుమారు మూడో వంతే. ఉన్నచోట కూడా ఆ రోజు లిఫ్టు పనిచేస్తుందో లేదో పొద్దున్నే చూసుకుని బయల్దేరాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఒక్కో స్టేషనూ ఒక చిన్న కొండే. మెట్లున్న స్టేషన్లో దిగి ఆదా చేసే పది డాలర్ల కంటే క్యాబ్‌కిచ్చే పది డాలర్లే మేలు.

ఆ రోజంతటిలో అమ్మకు నచ్చింది నా షీటులో లేనిది. సాయంత్రానికి అందరం డీలా పడిపోయాం. లిబర్టీ విగ్రహం ఉన్న దీవికి వెళ్లే పడవ టికెట్లు కొన్నాను గానీ ఎయిర్‌పోర్టు మాదిరి సెక్యూరిటీ లైను చూసి వదిలేశాం, డబ్బులు పోతే పోయాయి. పక్కనే స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉంది కదా అని ఎక్కాం. రోజూ ఆఫీసులకు పోయేవాళ్లు ఎక్కే పడవ అది. టికెట్టు లేదు, పూర్తిగా ఉచితం, 25 నిమిషాలు పడుతుంది, లోపల బాత్‌రూములున్నాయి, కూర్చోవడానికి బెంచీలున్నాయి, పోయేటప్పుడు కుడివైపు కూర్చుంటే విగ్రహం కనపడుతుంది. అమ్మ మాత్రం ఎక్కిందాకా నమ్మలేదు. "టికెట్టు లేకుండా ఎక్కిస్తే అవతల ఒడ్డున పట్టుకోరా?" అని రెండుసార్లు అడిగింది. అవతల అందరూ దిగి మళ్లీ ఎక్కాలి, అదొక్కటే నియమం. తిరుగు పడవలో చెప్పులు విడిచి కాళ్లు బెంచీ మీద పెట్టుకుని, పొద్దున్నించి తాగని నీళ్లన్నీ తాగి, ఆ గాలి మా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం సముద్రపు గాలి లాగే ఉందంది. 1886 నాటి విగ్రహం అని నేనేదో మొదలుపెట్టాను. వినలేదు, విననక్కర్లేదు కూడా.

సరే, ఆ గోడ. వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ అని ఉంటుంది, కొనుగోళ్ల మాల్ కాదు, పొడవాటి పచ్చిక మైదానం. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. ఒక చివర లింకన్ మెమోరియల్, ఇంకో చివర పార్లమెంటు భవనం, మధ్యలో మూడు కిలోమీటర్లు. ఎండలో ఆ మూడు కిలోమీటర్లూ నడిచేటట్టు ప్లాన్ చేసిన తెలివైనవాణ్ని నేనే. లింకన్ దగ్గర నీటి కొలను నుంచి ఎక్కితే 87 మెట్లు. అమ్మ కిందే కూర్చుంది. నాన్న ఎక్కి, చూసి, దిగి, ఏమీ అనలేదు. పక్కనే వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకం. 1982లో కట్టారు. నేలలోకి దిగినట్టుండే పొడవాటి నల్లగోడ, దాని మీద 58 వేలకు పైగా పేర్లు చెక్కి ఉంటాయి. పాలిష్ ఎంత నున్నగా ఉంటుందంటే పేర్ల మీద మన మొహం మనకే కనిపిస్తుంది.

నాన్న చీమకుర్తిలో పాతికేళ్లు గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరుగా చేశాడు. ప్రపంచమంతా బ్లాక్ గ్యాలక్సీ అని పిలిచే, నలుపులో బంగారు చుక్కలు మెరిసే రాయి మా దగ్గరిదే. మా న్యూజెర్సీ ఇంటికొచ్చిన మొదటిరోజే ఆయన వంటగట్టు మీద చెయ్యి రాసి "పాలిష్ సరిగా పట్టలా" అని తేల్చేశాడు. అలాంటి మనిషి ఆ గోడ దగ్గర ఆగిపోయాడు. ముందు వెలుతురు వాలుగా పడేచోట నిలబడి చూశాడు. తర్వాత వంగి కింది అంచు చూశాడు. పలకకూ పలకకూ మధ్య అతుకు మీద గోరు పెట్టి లాగాడు. "మనది కాదురా, చుక్క లేదు. కర్ణాటక వైపు రాయి లాగుంది" అన్నాడు. నాన్నా, ఇది అమెరికా అని నవ్వాను. ఫోన్ తీసి చూస్తే ఆ గోడ రాయి బెంగళూరు ప్రాంతం నుంచి తెచ్చిందే. ఆయన మొహంలో గర్వం ఏమీ లేదు, ఎవరో తెలిసినవాడు పలకరించినట్టు తలాడించాడు. ఆ తర్వాత చాలాసేపు రాయి చూడ్డం మానేసి పేర్లు చూశాడు. ఒక పెద్దావిడ కాగితం ఆనించి పెన్సిలుతో ఒక పేరు మీద రుద్దుతోంది, అచ్చు పడుతుంది అలా. ఎవరమ్మా అని నా చేత అడిగించాడు. ఆవిడ అన్నయ్యట. నాన్న చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు.

నాకు అనిపించేది, ఒక ఊరు కొత్త మనిషికి దగ్గరయ్యేది వాళ్లకు ముందే తెలిసిన దారిలోనే. అరవై ఐదేళ్ల మనిషి ఖాళీగా రాడు. ఒక పని చేసిన చేతులతో వస్తాడు. రొయ్యల చెరువులు చూసినాయన్ని చేపల మార్కెట్‌కి తీసుకెళ్లండి. బడిలో పాఠాలు చెప్పినావిడ మ్యూజియం కంటే ముందు మీ పిల్లల బడి చూడాలనుకోవచ్చు. పొగాకు వేసిన రైతుకి ఎత్తైన బిల్డింగుల కంటే ఊరి బయట పొలాలు, ఆ ట్రాక్టర్లు ఎక్కువ నచ్చొచ్చు. ఇవేవీ టాప్ టెన్ జాబితాల్లో ఉండవు, ఎందుకంటే ఆ జాబితా రాసినవాడికి మీ నాన్న ఎవరో తెలియదు. మీకు తెలుసు.

మేం పిల్లల్ని తీసుకుని ఒంగోలు పోయినప్పుడు నాన్న ఏం చేస్తాడో ఎప్పుడూ గమనించలేదు నేను. ముందురోజు ఫోన్ చేసి పిల్లలు ఏం తింటారు, ఎన్నింటికి పడుకుంటారు, కారం తగ్గించమని చెప్పనా అని అడుగుతాడు. రోజుకి ఒక్కటే పని. సాయంత్రం ఎండ తగ్గాక కొత్తపట్నం సముద్రం, వచ్చేటప్పుడు ముంతకింద పప్పు, అంతే. మా పిల్లలకి ఇండియా అంటే గుర్తున్నది అదే.

తిండి గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే. పొద్దున ఇంట్లో పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది, షుగర్ మాత్రలకి టైము తప్పదు. న్యూయార్క్ వైపైతే ఫ్లషింగ్‌లో 1977 నుంచి ఉన్న గణపతి గుడి ఉంది, కింద క్యాంటీన్‌లో దోసెలు దొరుకుతాయి, దర్శనం, భోజనం, కూర్చోవడం, అన్నీ ఒకేచోట తెమిలిపోతాయి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సంచిలో పచ్చి కరివేపాకు మాత్రం పెట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. నిమ్మజాతి చెట్లకొచ్చే తెగులు భయంతో దాన్ని రానివ్వరు, మా అమ్మ కట్ట ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలోనే ఉండిపోయింది.

ఇంకొన్ని చిన్న విషయాలు. వేసవిలో మనకీ న్యూయార్క్‌కీ తొమ్మిదిన్నర గంటల తేడా, మొదటి రెండు వారాల్లో ఏ ప్రయాణమూ పెట్టుకోవద్దు. ఇన్సూరెన్స్ విమానం ఎక్కకముందే తీసుకోవాలి, పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో ఆ చిన్న అక్షరాలు చదవాలి. నయాగరాలో అవతలి ఒడ్డు కెనడా, అమెరికా వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు దానికి వేరే వీసా కావాలి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలన్నీ ఉచితం, వీల్‌చెయిర్ అడిగితే ఇస్తారు. మా నాన్న వద్దన్నాడు, నేను అలసిపోయాను నన్ను కూర్చోబెట్టి తొయ్యి అంటే నవ్వి తనే కూర్చున్నాడు.

మూడు రోజుల్లో ఐదు ఊళ్లు చూపించే టూర్ బస్సులుంటాయి. వాటిని నేను తిట్టబోవడం లేదు. మా పిన్నీవాళ్లు అలాంటిదే ఎక్కి, తెనాలి నుంచి వచ్చిన ఒక జంటతో స్నేహం చేసుకుని, ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటారు. తోడు దొరికితే కాళ్లనొప్పి తగ్గినట్టే ఉంటుంది. కానీ వాళ్లని బస్సెక్కించి మనం ఆఫీసుకు పోతే ఊరు చూపించినట్టా, పని తీర్చుకున్నట్టా అనేది ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

వచ్చే మే నెలలో మళ్లీ వస్తున్నారు. ఈసారి షీటు లేదు. ఎక్కడికి పోదామని కాకుండా, పోయినసారి చూసినవాటిలో మళ్లీ ఏది చూడాలనుంది అని అడిగాను. నాన్న ఆలోచించి చెప్తానన్నాడు. అమ్మ ఆలోచించలేదు. "ఆ టికెట్టు లేని పడవ" అంది. ఆగి, "అవతల దిగకుండా అట్నే కూర్చుంటే ఏమంటారు?" అని అడిగింది.