గింజ మొలవకపోతే చచ్చినట్టేనా?

తిరుపతి, చిత్తూరు వైపు రైతుల ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశం ఇప్పటి గింజలన్నీ చచ్చిన గింజలేననీ, వాటి మొలిచే గుణాన్ని విత్తన కంపెనీలు కావాలనే తీసేశాయనీ చెబుతోంది. నమ్మకపోతే అంగడి బియ్యాన్ని, అప్పుడే పెరికిన శనక్కాయను నానబెట్టి, టమాట పండును కోసి చూసుకోమంటోంది. చూస్తే ఆ మూడు చోట్లా మొలక కనబడకపోవచ్చు. అయితే మూడింటికీ కారణాలు వేరు, అవేవీ కంపెనీలు కల్పించినవి కావు. పైగా అదే అంగడిలో కొన్న పెసలు రాత్రి నానబెట్టి గుడ్డలో మూటగడితే ఒకటి రెండు రోజుల్లో మొలకలు వస్తాయని ప్రతి ఇంట్లోనూ తెలుసు.

మొదట బియ్యం సంగతి. వడ్లగింజలో ఒక మూలన మొక్కగా ఎదిగే పిండం, దాని ఆహారంగా తెల్లని పిండిపదార్థం, ఆ నిల్వ చుట్టూ తవుడులో భాగమైన ఒక పలుచని పొర ఉంటాయి. గింజ నీరు పీల్చుకోగానే పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోనును పంపుతుంది, అది అందిన పొర ఎంజైములను తయారుచేస్తుంది, ఆ ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, పచ్చని ఆకులు వచ్చి సొంతంగా ఆహారం తయారుచేసుకునే దాకా మొక్కను సాకుతాయి. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు పిండమూ, ఆ పొరా తవుడులో కలిసిపోతాయి. మిగిలిన తెల్లగింజ ఎన్నాళ్లు నానినా ఉబ్బుతుందే తప్ప మొలవదు. శ్రీకాళహస్తి వైపు నారు పోసే రైతు వడ్లను ఒక పగలూ రాత్రీ నానబెట్టి, గోనెలో మండె కట్టి మొలక తెప్పిస్తున్నాడంటే ఆ వడ్లలో పిండం చెక్కుచెదరకుండా ఉన్నందువల్లే. కందిపప్పు మొలవకపోవడానికీ ఇటువంటి కారణమే ఉంది: గింజను రెండు బద్దలుగా విడగొట్టినప్పుడు పిండం దెబ్బతింటుంది.

శనక్కాయ విషయం ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటే మంచి విత్తనాన్ని పారబోసుకుంటాం. తీగ రకాల గింజలు పెరికిన వెంటనే మొలవవు, కొన్ని వారాలైనా సుప్తావస్థలో, అంటే బతికే ఉండి మొలవని నిద్రలో ఉంటాయి. ఆ కాలం గడిచాక అదే గింజ మొలుస్తుంది. గుత్తి రకాలకు ఈ నిద్ర దాదాపు లేదు కాబట్టే, పెరికే వేళకు ముసురు పట్టితే కాయలు నేలలోనే మొలకెత్తి పంట పాడవుతుంది. ఆ నష్టం తప్పించాలనే గుత్తి రకాల్లోనూ రెండు మూడు వారాల సుప్తావస్థ తెచ్చేందుకు శాస్త్రవేత్తలు పాటుపడ్డారు. అంటే సందేశం కుట్ర అంటున్న గుణం రైతుకు మేలు చేసేది. మన శేషాచలం కొండల్లో తనంతట తాను పెరిగే ఎర్రచందనం కూడా గట్టి కాయలో దాగి, మొలవడానికి వారాలు తీసుకుంటుంది. దానికి ఆ గుణం అడవిలోనే వచ్చింది.

టమాట గింజ పండులో తడిగానే ఉన్నా సాధారణంగా మొలవదు, దాని చుట్టూ ఉన్న జిగురూ, పండు రసమూ మొలకను ఆపి ఉంచుతాయి. జిగురు కడిగి ఆరబెట్టి విత్తితే రెండు రకాలను కలిపి పుట్టించిన హైబ్రిడ్ పండులోని గింజ కూడా మొలుస్తుంది, పలమనేరు మార్కెట్ పక్కన పారేసిన కాయల చోట మొలిచిన మొక్కలే అందుకు సాక్ష్యం. అయితే ఆ మొక్కలన్నీ తల్లి మొక్కలా ఉండవు. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 1866లో బఠాణీలపై ప్రచురించిన ఫలితాలు చెప్పినట్టే, మొదటి తరంలో దాగిన లక్షణాలు రెండో తరంలో విడివడి బయటపడతాయి. రైతు ఏటా హైబ్రిడ్ విత్తనం కొనడానికి కారణం ఇదే.

సందేశంలో ఒక్క మాటకు ఆధారం ఉంది. రెండో తరం గింజ మొలవకుండా చేసే 'టెర్మినేటర్' పద్ధతికి అమెరికాలో 1998లో పేటెంటు ఇచ్చిన మాట నిజం. అది మార్కెట్లోకి రాలేదు. అటువంటి సాంకేతికత ఉన్న రకాలను రిజిస్టర్ చేయకూడదని మన దేశపు 2001 నాటి రైతు హక్కుల చట్టం స్పష్టంగా చెబుతోంది.

మొలవని విత్తనం అమ్మడమనే అన్యాయం మాత్రం నిజంగానే ఉంది. తేమలో నిల్వ చేసిన, ముందుగానే ఒలిచిన, ముక్కు విరిగిన వేరుశనగ విత్తులు పొలంలో మోసం చేస్తాయి. దాన్ని పట్టుకోవడానికి విత్తే ముందు నూరు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, పది రోజులకు లెక్కపెట్టాలి. ధ్రువీకరించిన వేరుశనగకు నిర్ణయించిన కనీస మొలక 70 శాతం. అంతకన్నా తగ్గితే ఆ సంచీని, దానికి కుట్టిన నీలం ధ్రువీకరణ చీటీని, రసీదును జాగ్రత్త చేసి వ్యవసాయ అధికారి ముందు పెట్టాలి.