చిన్నాయన లారీ, లీటరు లెక్క

మనిషికి జ్వరం వస్తే వాడలో సగం మంది వైద్యులవుతారు. లారీకి మైలేజీ తగ్గితే మాత్రం ములుగు రోడ్డు మీద మెకానిక్ కానివాడు ఒక్కడూ మిగలడు.

మా చిన్నాయనది పది టైర్ల లారీ. పాతదే, కంప్యూటర్ తగిలిస్తే జబ్బు చెప్పే రకం కాదు. పరకాల వైపు మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని హైదరాబాద్‌లో దించి రావడం దాని పని. వచ్చేటప్పుడు లోడు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఖాళీ. బండి పాతదైనా చిన్నాయనకు అది మెరుస్తూ ఉండాలి. క్లీనర్ పిల్లగాడు పొద్దున్నే క్యాబిన్ ఎత్తి, కిరోసిన్ గుడ్డతో ఇంజన్‌కి స్నానం చేయించాకే చాయ్ తాగాలి. ఇంజన్ మీద వేలు పెట్టి చూసి, వేలికి మసి అంటకపోతేనే చిన్నాయన తలూపుతాడు.

లెక్కలు రాసేది నేను. పోనురాను కలిపి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి తొలకరి నాటికి 3.2కి దిగింది. వినడానికి పాయింట్ ఎనిమిదే. కానీ 300 కిలోమీటర్ల ట్రిప్పుకి 75 లీటర్లతో సరిపెట్టుకోవాల్సిన బండి 94 దాకా తాగుతోంది. లీటరు డీజిల్ 95 రూపాయలు దాటిన రోజుల్లో ఇది ట్రిప్పుకి పద్దెనిమిది వందల దెబ్బ. ఈ అంకె చెప్పగానే చిన్నాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "డ్రైవరు అమ్ముకుంటున్నడు" అని తేల్చేశాడు.

డ్రైవర్ మామ మా ఇంట్లో మనిషి కింద లెక్క. ట్రిప్పు దిగితే మా ఇంట్లోనే అన్నం. అయినా చిన్నాయన ఆ సాయంత్రమే బజారుకు పోయి, డీజిల్ ట్యాంకుకి బారెడు గొలుసూ, గుప్పెడంత తాళంకప్పా తెచ్చాడు. రెండు తాళంచెవులూ తన మొలతాడుకి కట్టుకున్నాడు. డ్రైవర్ మామ ఆ తాళాన్ని చూశాడు, చిన్నాయనను చూశాడు, మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నానికి రాలేదు. చిన్నమ్మ వండిన కూర గిన్నెతో సహా చిన్నాయన ముందు పెట్టి, "మొత్తం నువ్వే తిను" అంది.

తాళం వేసిన ట్రిప్పులో కూడా 3.2 వచ్చింది. దాంతో డ్రైవర్ మీద అనుమానం పోవాలి కదా. పోలేదు, పెరిగింది. తాళం ఉన్నా తీస్తున్నాడంటే ఎంత తెలివైనవాడో చూడమన్నాడు. తరువాతి ట్రిప్పుకి తనే క్యాబిన్‌లో ఎక్కి కూర్చున్నాడు, కళ్లు మూయకుండా కాపలా కాస్తానని. కాజీపేట దాటేదాకా కాశాడు. ఘన్‌పూర్ దగ్గర తల వాలింది. లేచేసరికి ఘట్‌కేసర్. ఆ ట్రిప్పు లెక్క 3.1.

"సేటు ఎక్కిండు గదా, బరువు పెరిగింది" అన్నాడు డ్రైవర్ మామ. చాలా రోజులకు ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

అప్పుడు నేనొక సంగతి చెప్పబోయాను. మన రోడ్డు కళ్లకు చదునుగా కనిపిస్తుంది కానీ చదును కాదు. వరంగల్ సముద్రమట్టానికి 270 మీటర్ల దరిదాపుల్లో ఉంటే, హైదరాబాద్ 500 మీటర్లు దాటి ఉంటుంది. అంటే మన బియ్యం జనగామ, భువనగిరి మీదుగా ఎక్కుతూ పోతుంది, ఖాళీ బండి దిగుతూ వస్తుంది. చిన్నాయన శ్రద్ధగా విని, "నిరుడు హైదరాబాద్ కిందికున్నదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తరువాతి వంతు డీజిల్ బంకుది. వినియోగదారుడు అడిగితే బంకులో అయిదు లీటర్ల కొలత పాత్రతో కొట్టి చూపించాలి, అది మన హక్కు. చిన్నాయన ఆ హక్కును సాక్షుల సమక్షంలో వాడుకోవాలనుకుని మమ్మల్ని నలుగురిని వెంటేసుకుని పోయాడు. బంకు కుర్రాడు విసుక్కోకుండా పాత్ర తెచ్చి కొట్టాడు. డీజిల్ సరిగ్గా గీత దగ్గర ఆగింది. చిన్నాయన ముఖం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో మొదటి తెలివైన మాట ఆ కుర్రాడే అన్నాడు: "అన్నా, ట్యాంకు ఫుల్ అని మీరు అంటున్నది నురుగు. నురుగు దిగేదాకా ఆగి నింపాలె. బండి ఒక పక్కకు వాలి నిలబడితే ఫుల్ అన్నది కూడా మారుతది." అప్పటినుంచి ఒకే బంకు, ఒకే చోటు, మెడ దాకా నింపి నురుగు దిగాక మళ్లీ నింపడం. ప్రతిసారీ చిన్నాయన స్వయంగా వచ్చి, చొక్కా పైకెత్తి, మొలతాడు బయటికి లాగి, ట్యాంకు పక్కన వంగి తాళం తీయడం. బంకులో టూవీలర్ల వాళ్లు తిరిగి చూసేవాళ్లు.

ఇంత పద్ధతిగా కొలిచినా 3.2 రావడంతో సలహాల వరద మొదలైంది. బండి నంబరు కూడితే ఎనిమిది వస్తోంది, అందుకే ఇట్లా అన్నాడు ఒకాయన. ట్యాంకులో నాలుగు కలరా ఉండలు వేస్తే డీజిల్‌కి బలం వస్తుందని ఇంకో ఆయన. చిన్నాయన బీరువా వైపు నడిచాడు కూడా. "అవి నా పట్టుచీరెలయి. ఇంజన్ పోయినా నాకేం లేదు, ఉండల మీద చెయ్యి పడితే మాత్రం చెప్తున్న" అని చిన్నమ్మ అడ్డం నిలబడింది. ఆ రోజు ఆవిడ కాపాడింది చీరలనే కాదు, డీజిల్ ఫిల్టర్‌ని కూడా.

టైర్ల షాపు ఆయన బండి చుట్టూ తిరిగి, "గాలి" అన్నాడు. ఆయన షాపుకి ఎవరొచ్చినా అదే అంటాడు కానీ ఈసారి కొంత నిజమే. పది టైర్లలో నాలుగు లోపలి వరుసలో ఉంటాయి. చెయ్యి సరిగా పట్టదు కాబట్టి గాలి పట్టేవాళ్లు బయటి టైర్లకు పట్టి, లోపలి వాటిని ఓ తన్ను తన్ని సరే అంటారు. మీటరు పెట్టి చూస్తే అందులో రెండు బాగా తగ్గి ఉన్నాయి. మెత్తటి టైరు ఎక్కువ నలుగుతుంది, ఆ నలుగుడుకి కూడా డీజిలే కావాలి. గాలి పట్టిస్తూ ఆయన ఇంకో మాట అన్నాడు. వెనక టైర్లు ఈమధ్యే కొత్తవి వేశారు. కొత్త టైరు అరిగిన టైరు కంటే ఎత్తు రెండు సెంటీమీటర్లు ఎక్కువ, కాబట్టి ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. బండిలో కిలోమీటర్లు చూపే మీటరు మాత్రం చుట్లనే లెక్కపెట్టుకుంటుంది. మీటరెత్తు చక్రానికి అది నూటికి రెండు పాళ్ల తేడా. అంటే పోయిన డీజిల్‌లో కొంత అసలు పోనేలేదు, నా పుస్తకంలోనే పోయింది!

రెండు లెక్కలూ సరిచేస్తే 3.4 అయింది. అంతలోనే చిన్నాయన బండిని భద్రకాళి గుడికి తీసుకుపోయి, పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. ఇంకా 0.6 బాకీ ఉంది చిన్నాయనా అన్నాను. పూజ రోజు లెక్కలు చెప్పొద్దన్నాడు.

ఆటోనగర్ మెకానిక్ నిజంగా పనిమంతుడు. బండి తిరిగి రాగానే డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి చూశాడు. ఏ బ్రేకైనా పట్టుకుని ఉంటే ఆ డ్రమ్ము మిగతావాటికంటే కాలిపోవాలి. కాలడం లేదు. స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్ మీద, రెండో కొన చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి టెస్టింగ్‌కి పంపాడు, బాగానే ఉన్నాయని వెనక్కి వచ్చాయి, బిల్లు మాత్రం వాటి వెంటే వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ వస్తోందని డ్రైవర్ మామ చెబితే ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. షెడ్డులో ఎంత రేసు చేసినా బండి కమ్మగా పలికేది. ఇంజన్ చుట్టూ తిరిగి చూస్తే ఎక్కడా చుక్క ఆయిల్ లేదు, తడి లేదు, మరక లేదు. "ఇంత నీటుగున్న ఇంజన్ నేనెక్కడ చూడలే" అన్నాడు. చిన్నాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

సద్దుల బతుకమ్మకు క్లీనర్ పిల్లగాడు సెలవు పెట్టి ములుగు అవతల వాళ్ల ఊరికి పోయాడు. పండుగ కదా, పక్కన బదిలీ మనిషి దొరకలేదు. బండి తుడుపు లేకుండానే హైదరాబాద్ పోయొచ్చింది. ఇంజెక్టర్ల పైసల కోసం మెకానిక్ వచ్చిన రోజునే చిన్నాయన క్యాబిన్ ఎత్తి, లోపల చూసి, శివాలెత్తిపోయాడు. ఇంజన్‌కి గాలి తోసే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు పైపు కింద చెయ్యంత మేర నల్లగా, జిడ్డుగా ఆయిల్ మసి. "మూడు రోజులు చూడకపోతే బండిని బురదగుంట చేసిండ్రు!" అని అరుస్తూ గుడ్డ అందుకున్నాడు. మెకానిక్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

పైపు కింది వైపు, ఎవరి కంటికీ కనిపించని చోట, జానెడు చీలిక. బండి నిలబడి ఉంటే టర్బో ఒత్తిడి పెద్దగా ఉండదు కాబట్టి ఆ చీలిక పెదవులు మూసుకుని బుద్ధిగా ఉంటుంది. షెడ్డులో ఖాళీ బండిని ఎంత రేసు చేసినా అంతే. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో గట్టిగా గాలి తోస్తే అది తెరుచుకుంటుంది. ఇంజన్‌కి పోవాల్సిన గాలి రోడ్డు పాలు. డీజిల్ వస్తుంది, కాల్చడానికి గాలి చాలదు, నల్లపొగ వస్తుంది, బండి లాగదు, డ్రైవర్ ఇంకా తొక్కుతాడు. ఆ గాలితో పాటు సన్నగా వచ్చే ఆయిల్ తుంపర్లు పడ్డచోట దుమ్ము పట్టి మరక కడుతుంది. లీకు ఎక్కడో చెప్పేది ఆ మరకే. ఆ మరకనే చిన్నాయన రోజూ పొద్దున్నే కిరోసిన్ పెట్టి మరీ తుడిపించాడు.

"సేటు, దొంగ రోజు సంతకం పెట్టి పోతుండు. మీరు రోజు చెరిపేస్తుండ్రు" అన్నాడు మెకానిక్. ఆ నవ్వు ఆపుకోలేక ఇంజెక్టర్ల పైసల మాటే మరిచిపోయాడు. చిన్నాయనకు ఆ రోజు కలిగిన ఏకైక లాభం అది.

పైపు, రెండు క్లాంపులు. ఇంజెక్టర్ల బిల్లులో పదో వంతు కాలేదు. తరువాతి ట్రిప్పుకి నాలుగు వచ్చింది. చిన్నమ్మ సర్వపిండి చేసి డ్రైవర్ మామను పిలిచింది, ఆయన వచ్చి తిన్నాడు. చిన్నాయన సారీ చెప్పలేదు, కానీ పిండి ముక్క తన చేత్తో వడ్డించాడు. తాళం మాత్రం తీయలేదు. రాత్రిపూట దాబాల దగ్గర దొంగలుంటారట, డ్రైవర్ కోసం కాదట.

దసరా అయ్యాక బండి నాగ్‌పూర్ పోయింది. అక్కడ తిరుగులోడు బదులు ఇండోర్‌కి మంచి కిరాయి తగిలింది. చిన్నాయన ఫోన్‌లోనే సంతోషంగా ఒప్పుకున్నాడు. రాత్రి ఒంటిగంటకు ఫోన్ మోగింది. ఇండోర్ ఇంకా దూరమే ఉంది, డీజిల్ రిజర్వ్‌లో పడింది, బండి బంకులో నిలబడి ఉంది. రెండు తాళంచెవులూ వరంగల్‌లో, చిన్నాయన మొలతాడుకి.

"పగలగొట్టు అన్నా" అన్నాడు చిన్నాయన.

"బంకోళ్లు సుత్తె వద్దంటుండ్రు, నిప్పురవ్వ లేస్తదట. ఆక్సా బ్లేడుతోని కోయాలె. మీరు చూడకుండ కోస్తే రేపు నన్నే అంటరు. వీడియో కాల్ చేస్తున్న సేటూ, కోసేదాంక చూసుకుంట కూసోండ్రి. తాళం మంచిదే తెచ్చిండ్రు, జర టైం పడతది."