తీసివేత నేర్పినందుకు మైనస్ ఐదు

మా చిన్నదానికి ఇవాళ స్కూల్లో ఐదు పాయింట్లు కోసేశారు. కారణం ‘టాకింగ్’. యాప్‌లో అలాగే ఉంది, ఎర్రటి ఏడుపు మొహం బొమ్మతో సహా. నేను ఆఫీసు మీటింగులో ఉండగా ఫోను టింగుమంది. స్కూలు నుంచి అనేసరికి పిల్లకి ఏమయిందోనని గుండె గుభేలుమంది. తీరా చూస్తే ఇదీ సంగతి.

సాయంత్రం ఇంటికొచ్చాక అడిగాను, ఏమ్మా, క్లాసులో అంత ముచ్చట్లేమిటి అని. పక్కన కూర్చునే పిల్లకి తీసివేత రావట్లేదట. 52లోంచి 27 తియ్యాలి. రెండులోంచి ఏడు పోదు కదా, ఆ పిల్ల అక్కడే పెన్సిలు కొరుక్కుంటూ ఆగిపోయింది. మా చిన్నది చెప్పిందట: "పక్కింటికి వెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో. అప్పుడు నీ రెండు పన్నెండు అయిపోతుంది. పన్నెండులో ఏడు పోతే ఐదు. పక్కింట్లో ఇంక నాలుగే ఉంటాయి, మర్చిపోకు." ఆ పిల్లకి లెక్క వచ్చేసింది. ఇరవై ఐదు. మూడో తరగతి పిల్ల ఇంకో మూడో తరగతి పిల్లకి అప్పు తెచ్చుకునే లెక్క అర్థమయ్యేలా చెప్పింది. నాకు చెప్పడానికి మా లెక్కల మాస్టారికి వారం పట్టింది, మధ్యలో రెండు స్కేళ్లు విరిగాయి.

దానికి మైనస్ ఐదు.

సరే, ఐదు పోతే పోనీ అనుకున్నాను. ఒళ్లు మండింది ఆ తర్వాత అది అన్న మాటకి. "ఇంక ఎవరికీ చెప్పనులే అమ్మా" అంది. ఏడుస్తూ కూడా కాదు, పాల గ్లాసు కింద పెడుతూ మామూలుగా అంది. ఎనిమిదేళ్ల పిల్లకి అంత లౌక్యం ఎక్కడిదండీ? నేర్పిందెవరు?

ఈ యాప్ గురించి తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే చెబుతాను. ప్రతి పిల్లకీ ఒక రాక్షసి బొమ్మ ఉంటుంది. హోంవర్క్ చేస్తే ప్లస్ రెండు. బూట్లు మెరుస్తూ ఉంటే ప్లస్ ఒకటి. చేతులు కట్టుకుని కూర్చుంటే ప్లస్ రెండు. మాట్లాడితే మైనస్. వాటర్ బాటిల్ మర్చిపోతే మైనస్. ఈ మొత్తం లెక్క క్లాసులో పెద్ద టీవీ మీద రోజంతా వెలుగుతూ ఉంటుంది, ఎవరు పైన, ఎవరు కింద అని. ఎంట్రన్స్ ఫలితాల్లాగా. తేడా ఏమిటంటే అవి ఏడాదికోసారి వస్తాయి, ఇవి పీరియడ్‌కోసారి. పదిహేను వందల పాయింట్లయితే స్కూలు స్టోర్లో ఒక రబ్బరు. రబ్బరు! మా వీధి కిరాణా కొట్టులో ఐదు రూపాయలు.

ఇంతకీ ప్రశ్న అడిగితే పాయింట్లు లేవు. చూశాను, లిస్టు మొత్తం చూశాను. సందేహం అడిగితే ప్లస్ అనేది ఎక్కడా లేదు. చేతులు కట్టుకుంటే ఉంది.

కొట్టడం చట్టం ఒప్పుకోదు. 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని. బెత్తం అయితే బీరువా ఎక్కింది కానీ దాన్ని పట్టుకున్న చెయ్యి ఊరుకోవాలిగా. అందుకని ఇది కనిపెట్టారు. బెత్తం దెబ్బ పీరియడ్ అయ్యేసరికి మాయమయ్యేది. ఈ దెబ్బ టీవీ మీద సాయంత్రం దాకా కనబడుతుంది, అమ్మ ఫోనుకి కూడా వస్తుంది. ప్రగతి.

దీనికి పేరు ‘గేమిఫైడ్ లెర్నింగ్’, అంటే చదువుని ఆటలా మార్చడమట. ఫీజు రసీదులో విడిగా ఒక గడి కూడా ఉంది దీనికి. ఎంతో రాయను, రాస్తే మళ్లీ బీపీ.

గేమ్ అంటే ఏమిటో వీళ్లకి తెలుసా అసలు? మా అమ్మమ్మ వేసవి సెలవుల్లో వామనగుంటలు ఆడించేది. ఏడేసి గుంటలు, రెండు వరుసలు. మా ఇంట్లో గుంటకి ఐదేసి చింతగింజలు, మొత్తం డెబ్బై. ఈ గుంటలో గింజలు తీసి పంచితే చివరి గింజ ఎక్కడ పడుతుంది, దాని పక్క గుంట ఖాళీగా ఉంటే ఆ పైదాంట్లో ఎన్ని దక్కుతాయి, ఇదంతా చెయ్యి కదిలే లోపల మనసులో లెక్క తేలిపోవాలి. బడికి వెళ్లని మా అమ్మమ్మ గింజలు ముట్టుకోకుండా చూసి చెప్పేసేది. "అటు తియ్యకే, ఒట్టిపోతావు" అని. నాకు కూడికలూ తీసివేతలూ వచ్చింది ఆ చింతగింజల వల్లే. ఎవరూ నాకు స్టారు ఇవ్వలేదు. ఓడిపోతే ఇంకో ఆట. అంతే. మధ్యాహ్నం భోజనాల దగ్గర నుంచి దీపాలు పెట్టే దాకా లేచేవాళ్లం కాదు. అష్టాచెమ్మా గవ్వలు, పులీమేకా, అచ్చనగండ్లు, దేనికైనా ఎవరైనా బ్యాడ్జి ఇచ్చారా? వైకుంఠపాళిలో చివరిదాకా ఎక్కి పెద్దపాము నోట్లో పడితే మా తమ్ముడు పటం చింపేసినంత పని చేసేవాడు. అయినా ఐదు నిమిషాలకి మళ్లీ వాడే వచ్చి పరిచేవాడు.

ఆటలో మజా ఆటలోనే ఉంటుంది. వీళ్లు ఆటలోంచి ఆట తీసేసి స్కోరు బోర్డు ఒక్కటే ఉంచుకున్నారు. కూరలోంచి కూర తీసేసి పోపు వడ్డించినట్టుంది.

మా ఆయన అంటాడు, "అంత ఆవేశం ఎందుకు, మోటివేషన్ కోసమే కదా, పిల్లలకి హుషారుగా ఉంటుంది" అని. ఉంటుంది బాబూ, ఉంటుంది. మొదటి పది రోజులు. జూన్‌లో మా చిన్నది ఎగిరి గంతేసింది, నాకు నలభై వచ్చాయి అమ్మా అని. ఆగస్టుకి వచ్చేసరికి ఏమయిందో తెలుసా? రాత్రిళ్లు పడుకునే ముందు కథల పుస్తకం దానంతట అదే చదువుకునేది. కప్ప గురించి ఒక పుస్తకం, అట్ట ఊడిపోయే దాకా చదివింది. మొన్న మా చెల్లి కొత్త పుస్తకం తెస్తే నాలుగు పేజీలు తిప్పి, "దీనికి ఎన్ని పాయింట్లు?" అని అడిగింది. ఇది యాప్‌లో లేదురా బంగారం, ఊరికే చదువుకోవడానికి అన్నాను. ఊరికేనా అని పక్కన పడేసింది. మా చెల్లి నా మొహం చూసింది, నేను గోడ మీద బల్లిని చూశాను.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1973లోనే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల నర్సరీ బడిలో చేసి చూశారు. బొమ్మలు వెయ్యడమంటే ఇష్టమున్న పిల్లలకి, బొమ్మ వేస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. వేశారు, ఇచ్చారు. వారం, రెండు వారాలు పోయాక ఏ బహుమతీ లేకుండా స్కెచ్ పెన్నులు అక్కడ పెడితే, ఆ పిల్లలు మిగతా పిల్లలు గడిపినదాంట్లో సగం సేపే బొమ్మలు వేశారు. ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లలకి మాత్రం ఏ తేడా రాలేదు. ఆశ పెట్టి చేయించడంలోనే ఉంది తిరకాసు. యాభై ఏళ్లు దాటింది ఇది తేలి. మా స్కూలు వాళ్లకి ఇంకా నెట్‌వర్క్ అందినట్టు లేదు.

నెట్‌వర్క్ అంటే గుర్తొచ్చింది. మొన్న మా మామగారి సంవత్సరీకానికి ఊరెళ్లాం. పంతులుగారు పిండాలు పెట్టిస్తున్నారు, ఇంటినిండా బంధువులు. మా చిన్నది కనబడదు. వెతికితే డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, నా ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ‘స్ట్రీక్’ తెగిపోతుందట. నలభై ఆరు రోజులు వరసగా ఒక్కరోజూ మానకుండా యాప్ తెరిచిందట, ఇవాళ తెరవకపోతే మళ్లీ సున్నా నుంచి మొదలట. తాతయ్యకి దణ్ణం పెట్టుకోవే రా అంటే, "ఒక్క పుల్ల వస్తే చాలమ్మా" అంటుంది. సిగ్నల్ పుల్ల! మా అత్తగారు కింద నుంచి "పిల్ల ఎండలో ఏం చేస్తోంది?" అని అరుస్తున్నారు. నేనేం చెప్పను, చదువుకుంటోంది అత్తయ్యా అన్నాను. ఆవిడ ఎంత మురిసిపోయారో.

ఆ సాయంత్రం స్ట్రీక్ తెగింది. తాతయ్య పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు అది.

ఇలాంటివి చెబితే కొంతమంది పేరెంట్సు నన్ను పాతకాలపు మనిషిని చూసినట్టు చూస్తారు. మొన్న పేరెంట్ టీచర్ మీటింగులో అడిగాను, ఆ టీవీ మీద పేర్లు తీసెయ్యొచ్చు కదండీ అని. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి, "కాంపిటీషన్ ఉండాలి కదండీ, రేపు బయట ఎలా బతుకుతారు?" అంది. వాళ్లబ్బాయి లిస్టులో మొదటివాడు. ఎప్పుడూ అంతే, లిస్టు బాగుందనే వాళ్ల ఇల్లు ఎప్పుడూ లిస్టు పైనే ఉంటుంది. పంతొమ్మిదో స్థానంలో ఉన్న పిల్ల అమ్మ లేచి ఆహా కాంపిటీషన్ అనడం నేనింతవరకు చూడలేదు.

బయట ఎలా బతుకుతారట! అమ్మా, నేను బయటే బతుకుతున్నాను. ఆ లిస్టుల్లోంచే వచ్చాను. ఇంటర్ రెండేళ్లు విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఉన్నాను. పేరు రాయను, రాయకపోయినా మీలో సగం మంది అక్కడే చదివి ఉంటారు. ఆదివారం పరీక్ష, సోమవారం పొద్దున మెస్సు గోడ మీద లిస్టు. ఇడ్లీ ప్లేటు పట్టుకుని ముందు లిస్టు చూడాలి, తర్వాతే చట్నీ. ర్యాంకు తగ్గితే సెక్షను మారాలి, పుస్తకాలు మోసుకుంటూ అందరి ముందూ నడుచుకుంటూ పోవాలి. రాత్రి స్టడీ అవర్లో మొదటి సెక్షను వాళ్లకి పాలు. మాకు మంచినీళ్లు. అవును, పాలు! పాలకి కూడా ర్యాంకు కావాలి. మా నాన్న అందరికీ ఒకటే ఫీజు కట్టాడు కదా, నా పాలు ఏమయ్యాయి? ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ అడగాలనిపిస్తుంది. ఆ ప్రిన్సిపాల్ ఎక్కడైనా పెళ్లిలో కనిపిస్తే వదలను.

అక్కడ నా పక్క మంచం అమ్మాయి, గుంటూరు పిల్ల, జ్వరం వచ్చి నాలుగు రోజులు క్లాసుకి రాలేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ నోట్సు అడిగింది. నా దగ్గర లేదు, ఎవరో తీసుకెళ్లారు అన్నాను. ట్రంకు పెట్టెలో బట్టల కింద ఉంది. ఆ వారం నాకు సెక్షను పెరిగింది, పాలు వచ్చాయి. ఏడు రోజులు తాగాను. చక్కెర తక్కువ.

అందుకే సాయంత్రం నుంచి ఇంత గింజుకుంటున్నాను. "ఇంక ఎవరికీ చెప్పనులే" అన్న మాట నేను అనడానికి పదహారేళ్లు పట్టింది. నా కూతురు ఎనిమిదేళ్లకే అనేసింది.

టీవీల్లో ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు అని ఊపిరాడకుండా అరిచే ర్యాంకుల ప్రకటనలు మనందరికీ నోటికొచ్చు. 2022లో పదో తరగతి ఫలితాలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ర్యాంకుల ప్రకటనలు వేస్తే జైలు శిక్ష దాకా ఉంటుందని చెప్పింది. మంచిదే. మరి మూడో తరగతి గదిలో టీవీ మీద వేస్తే? అది ప్రకటన కాదట, ‘ఎంగేజ్‌మెంట్’ అట. రాక్షసి బొమ్మ ఉంటే చాలు, అన్నీ ముద్దుగానే ఉంటాయి.

టీచర్ని అంటున్నానని అనుకోకండి. పాపం ఆవిడకి నలభై రెండు మంది పిల్లలు. సాయంత్రం మెసేజ్ పెడితే, "నాకు కూడా టార్గెట్ ఉంది మేడం, రోజుకి ఇన్ని ఎంట్రీలు వెయ్యకపోతే పైవాళ్లు అడుగుతారు" అని రాసింది. అంటే ఆవిడకీ పాయింట్లే. ఆవిడకి ఎవరు రబ్బరు ఇస్తారో మరి.

ఇందాక ఈ పోస్టు రాస్తూ మైనస్ ఐదు ఫోటో తీద్దామని యాప్ తెరిచాను. మునుపెప్పుడూ చూడలేదు, కింద ఒక మూల ‘పేరెంట్ స్కోర్’ అని ఉంది. నాకు వందకి ముప్ఫై ఎనిమిది. పక్కనే నిద్రపోతున్న రాక్షసి బొమ్మ. మా ఆయనకి డెబ్బై ఒకటి! పిల్ల ఏ సెక్షనో కూడా సరిగ్గా చెప్పలేని మనిషికి డెబ్బై ఒకటి. నీకెలా వచ్చాయయ్యా అని నిలదీశాను. పొద్దున్నే బాత్రూంలో కూర్చుని వచ్చిన నోటిఫికేషన్లన్నీ నొక్కేస్తాడట. చదవడట, ఊరికే నొక్కుతాడట.

పోయిన వారం ఆయనకి గోల్డ్ బ్యాడ్జి కూడా వచ్చిందట. నాకు చెప్పలేదు, దాచాడు.