సాగిపోయిన చతురస్రాలు

ఒకటో క్లాసు పిల్లల హోంవర్కు పిల్లలే చేస్తారని ఇంట్లో వాళ్ళకే కాదు, బడి వాళ్ళకీ నమ్మకం లేదు. అందుకే అది పిల్ల బ్యాగులోకి కాకుండా తల్లి ఫోనులోకి వస్తుంది. అదీ ఆదివారం సాయంత్రం, షాపులు కట్టేసే వేళకి కాస్త ముందు.

కాకినాడలో మా అన్నయ్య కూతురు బుజ్జికి వచ్చిన వర్క్‌షీటులో పన్నెండు ఆకారాలున్నాయి. వాటిని కత్తిరించాలి. పోలికల్ని బట్టి గుంపులు చెయ్యాలి. ఇంకో కాగితం మీద అతికించి ఒక్కో గుంపుకీ ఓ పేరు రాయాలి. పోలికలంటే ఏ పోలికలో మాత్రం చెప్పలేదు. రంగా, రూపమా, సైజా? ఆ ఒక్క ముక్కా రాసుంటే మా ఇంట్లో ఆ రాత్రి చపాతీలు వేళకి అయ్యేవి.

వదిన ఆ ఫొటోలో చుట్టూ ఉన్న టేబులునీ, ఎవరిదో బొటనవేలునీ క్రాప్ చేసేసి, బొమ్మలు మాత్రం మిగిలేలా చదరంగా తయారుచేసి వీధి చివర జిరాక్స్ షాపుకి పంపింది. షాపతను మంచివాడు. కలరైతే ఇరవై, బ్లాక్ అండ్ వైటైతే అయిదు అని, "చిన్నపిల్లల బొమ్మలకి కలరెందుకు మేడమ్" అని తనే డబ్బు మిగిల్చాడు. ఆ మంచితనం అక్కడితో ఆగితే బాగుండేది. చదరపు ఫొటో ఏ-ఫోర్ కాగితం మీద పెడితే కింద ఖాళీ మిగిలిపోతోందట. ఇచ్చిన అయిదు రూపాయలకీ న్యాయం చెయ్యాలి కదా. బొమ్మని పట్టుకుని కింది అంచుదాకా లాగాడు.

ప్రింటు ఇంటికొచ్చింది. పసుపు రంగువి దాదాపు తెల్లగా ఉన్నాయి. ఎరుపూ నీలమూ రెండూ ఒకే బూడిదలో కలిసిపోయాయి. సరే, రంగు పోతే పోయింది, రూపాన్ని బట్టి విడదీద్దాం అంది వదిన. అప్పుడు మా అన్నయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు.

మా అన్నయ్య సివిల్ ఇంజినీరు. ఇంట్లో దేన్నయినా కొలవకుండా నమ్మడు. స్కేలు తీసి ఒక చతురస్రం మీద పెట్టాడు. అడ్డం 3 సెంటీమీటర్లు, నిలువు 4.2. రెండోదీ అంతే. "ఇవి చతురస్రాలు కావే" అన్నాడు వదినతో. ఏ-ఫోర్ కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు కాబట్టి, చదరపు బొమ్మని నిండా లాగితే ప్రతిదీ నిలువునా నూటికి నలభై ఒక్క వంతులు సాగుతుందని కాగితం వెనక లెక్క కట్టి మరీ చూపించాడు. వృత్తాలన్నీ కోడిగుడ్లయ్యాయి. చతురస్రాలు దీర్ఘచతురస్రాలయ్యాయి. అడ్డంగా పడుకున్న దీర్ఘచతురస్రం ఒకటి నిలువునా సాగీ సాగీ అచ్చం చతురస్రమై కూర్చుంది. మొత్తం కాగితంలో నికార్సయిన చతురస్రం అదొక్కటే. మొదట్లో కానిదీ అదే.

"మామూలుగా అయితే ఏది ఏదో గుర్తుపట్టి పెట్టెయ్యొచ్చు కదండీ" అంది వదిన.

"ఏమని పెట్టాలి? ఉన్నదాన్ని బట్టా, ఉండాల్సినదాన్ని బట్టా?"

సైటు దగ్గర మేస్త్రీలతో ఇలాగే మాట్లాడతాడు కాబోలు. పైగా ఇంకో చిక్కు తెచ్చాడు. అసలు చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనట, నాలుగు కోణాలూ లంబకోణాలైతే చాలట, కాబట్టి రెండింటికీ వేరువేరు గుంపులు పెట్టడమే తప్పట. ఆయన చెప్పింది నిజమే. ఎనిమిదో క్లాసు లెక్కల పుస్తకంలో అలాగే ఉంటుంది. కానీ ఒకటో క్లాసు పిల్ల ఎదురుగా ఎనిమిదో క్లాసు నిజం చెబితే ఏమవుతుందంటే, ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టి టీవీ రిమోట్ కోసం వెతుక్కుంటుంది.

వదిన ఈలోగా పాత శుభలేఖలు తెచ్చి, ప్రింటుని వాటి అట్ట మీద అతికించి, పన్నెండు ఆకారాలనీ గట్టిగా ఉండేలా కత్తిరించేసింది. ఎవరి పెళ్ళివో, వెనక వైపు సగం సగం వినాయకులు కనిపిస్తున్నారు. ఇంట్లో ఆ రాత్రి జరిగిన పని అంటూ ఏదైనా ఉంటే అదే.

అప్పుడు అమ్మ వచ్చింది. ముక్కలన్నీ చాప మీద పరిచి ఉంటే చూసి, "దీనికింత ఆలోచనేవిట్రా?" అని ఒక్కొక్కటే తీసి చెప్పడం మొదలుపెట్టింది. గుండ్రటిది అప్పడం. అరవృత్తం కజ్జికాయ. త్రిభుజం కిళ్ళీ. మూల మీద నిలబడ్డది డైమన్.

"అది డైమన్ కాదమ్మా, పక్కకి తిరిగిన చతురస్రం" అన్నాడు అన్నయ్య. అని, స్కేలు పెట్టి చూసి, ఊరుకున్నాడు. జిరాక్స్ అతను లాగిన లాగుడికి అది నిజంగానే పేకముక్క మీద డైమనంత కోలగా తయారైంది. లెక్కల భాషలో సమచతుర్భుజం. అమ్మ పేకాట భాషలో చెప్పిందే కరెక్టు.

ఇంక గుంపులు. అప్పడం భోజనంలోకి. కజ్జికాయా కిళ్ళీ భోజనం అయ్యాక. దీర్ఘచతురస్రాలు పీటలు, కనుక భోజనానికి ముందు. డైమన్ మధ్యాహ్నం నిద్ర లేచాక. అమ్మ లెక్కలో ప్రపంచంలో ఉన్న ఆకారాలన్నీ ఒక ఆదివారంలో సర్దుకుపోయాయి.

నాకు ఉజ్బెకిస్తాన్ గుర్తొచ్చింది. వెళ్ళలేదు, చదివానంతే. లూరియా అని రష్యాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1931, 32 సంవత్సరాల్లో అక్కడి పల్లెలకి వెళ్ళి, బడి మొహం చూడని వాళ్ళ ముందు ఇలాగే ఆకారాలు పెట్టి ఇవేమిటని అడిగాడు. వృత్తం అని ఒక్కరన్నా అంటే ఒట్టు. పళ్ళెం అన్నారు, జల్లెడ అన్నారు, చందమామ అన్నారు. త్రిభుజాన్ని చూసి తాయెత్తు అన్నారు. చతురస్రం అద్దమో తలుపో అయింది. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ చూపించి వీటిలో చేరనిదేదని అడిగితే, అన్నీ చేరేవే అన్నారు. దుంగ తీసేస్తే రంపంతో కోసేదేమిటి?

ఇది ఇంట్లో చెప్పాను. అన్నయ్య వెంటనే, "దుంగే వేరు. మిగతా మూడూ పనిముట్లు" అన్నాడు.

"దుంగ తీసి అవతల పారేసి, పనిముట్లు దండ గుచ్చి మెళ్ళో వేసుకుంటావా?" అంది అమ్మ. "ఆ ఊరి వాళ్ళు బుద్ధిగా చెప్పారు. అడిగినాయనకే తెలియలేదు."

లూరియా గారికి ఆ రోజుల్లో మా అమ్మ దొరక్కపోవడం ఆయన అదృష్టం.

వదిన ఈ చర్చలన్నీ ఆపి, పోనీ సైజుని బట్టి చేసేద్దాం, పెద్దవీ చిన్నవీ, ఎవరికీ పేచీ ఉండదు అంది. పేచీ లేని మాట ఇంట్లో అదే మొదటిది కాబట్టి అందరం ఒప్పుకున్నాం. అమ్మ అయితే ఉత్సాహంగా లేచింది. పెద్దవీ చిన్నవీ వేరు చెయ్యడానికి ఇంతమంది కూర్చోవడమెందుకని వంటింట్లోంచి చేట తెచ్చింది. ఎవరైనా వద్దనేలోపు పన్నెండు ముక్కలూ అందులో పోసి చెరిగింది.

చేటలో చెరిగితే బరువైనవి వెనక్కి చేరతాయి, తేలికవి ముందుకి పోతాయి. బియ్యానికీ పొట్టుకీ అది ఎప్పుడూ తప్పని సూత్రం. శుభలేఖ అట్టకి మాత్రం ఆ సూత్రం వర్తించదు. పన్నెండూ గాల్లోకి లేచాయి. ఒకటి అన్నయ్య కాఫీలో పడింది. రెండు అమ్మ కుచ్చిళ్ళలో దొరికాయి. మిగతావన్నీ నేరుగా దివాన్ కిందకి పోయాయి. 1837లో జర్మనీలో పిల్లల బడి పెట్టిన ఫ్రోబెల్ గారు, పిల్లలు ఆడుకుంటూ ఆకారాలు నేర్చుకోవాలని బంతినీ ఘనాన్నీ స్తంభాకారాన్నీ చెక్కతో చేయించాడంటారు. చెక్కవైతే చేటలో నిలిచేవి.

దివాన్ కిందకి దూరగలిగింది ఇంట్లో బుజ్జి ఒక్కతే. ఫోన్ టార్చి వేద్దామంటే వదిన ఫోన్ అప్పటికే ఛార్జింగు అయిపోయి ఉంది. అన్నయ్య ఫోన్ ఇవ్వడు, అందులో డ్రాయింగులున్నాయి. అందుకని బుజ్జి చీకట్లోనే చేత్తో తడుముకుంటూ ఒక్కొక్కటే బయటికి అందించసాగింది.

"నాన్నా, ఇది గుచ్చుకుంటోంది."

"ఇలా ఇవ్వు."

"ఇదీ గుచ్చుకుంటోంది. ఇది లేదు. ఇది లేదు. ఇది గుచ్చుకుంటోంది."

అన్నయ్య వాటిని అందుకుని, అలవాటు కొద్దీ రెండు కుప్పలుగా పెడుతున్నాడు. పెట్టి పెట్టి ఒకచోట ఆగిపోయాడు. ఒక కుప్పలో మూలలున్నవి, రెండో కుప్పలో లేనివి. కాగితాన్ని జిరాక్స్ అతను ఏ అంచుదాకా లాగినా మూల మూలగానే ఉంటుంది, కోడిగుడ్డుకి కొత్తగా మూల రాదు. రంగు పోయినా నష్టం లేదు. చతురస్రం దీర్ఘచతురస్రం అయినా ఒకే కుప్ప. ఆయన పెట్టిన అభ్యంతరాలన్నీ దివాన్ కింద ఊడిపోయాయి.

"శీర్షాలు కలవి, శీర్షాలు లేనివి అని రాయమ్మా" అన్నాడు, గొంతులో గౌరవంతో.

"గుచ్చుకునేవి, గుచ్చుకోనివి" అంది బుజ్జి, దుమ్ముతో బయటికొచ్చి.

చివరికి కజ్జికాయ దగ్గర మళ్ళీ ఆగింది పని. అరవృత్తానికి వీపంతా నున్నగా ఉంటుంది, రెండు కొసలు మాత్రం గుచ్చుకుంటాయి. బుజ్జి దాన్ని బుగ్గ మీద పెట్టి చూసుకుంది, నా చెయ్యి మీద గుచ్చి చూసింది, చివరికి దానికోసం మూడో గుంపు పెట్టి "కొంచెం గుచ్చుకునేది" అని రాసింది. అన్ని చోట్లా చ కింద వత్తు మర్చిపోయింది. కాఫీలో పడ్డ వృత్తాన్ని ఆరబెట్టి అలాగే అతికించారు. ఆ మొత్తంలో రంగున్న ముక్క అదొక్కటే.

సోమవారం పొద్దున్న బుజ్జి ఆటో ఎక్కాక గ్రూపులో టీచర్ మెసేజ్ వచ్చింది. పేరెంట్స్ దయచేసి గమనించగలరు, ఆకారాలని రంగుల ప్రకారం మాత్రమే విడదీయవలెను. వదిన చదివి, ఫోన్ పోపుల డబ్బా వెనక పెట్టేసి, పప్పుకి పోపు వేసింది.

సాయంత్రం పేపరు తిరిగొచ్చింది. రంగుల గురించి ఒక్క మాటా లేదు. కింద ఎర్ర పెన్నుతో వేసిన స్టార్ ఉంది. బుజ్జి దాన్ని మొదట మురిపెంగా చూసింది, తర్వాత వేలితో తడిమింది. తర్వాత కత్తెర తెచ్చి, జాగ్రత్తగా కత్తిరించి, గుచ్చుకునేవాటి కుప్పలో అతికించేసింది.

అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి చూసి, బ్యాగు దించకుండానే అన్నాడు: "స్టార్ అంటే అయిదు కోణాలనుకుంటారు గానీ, చుట్టూ లెక్కపెడితే పది భుజాలుంటాయి. లోపలికి నొక్కుకుపోయిన దశభుజి అన్నమాట. కాబట్టి దీన్ని..."

"ఏవండీ," అంది వదిన, "చేట ఎక్కడుందో తెలుసు కదా?"