ఆకుపచ్చ చుక్క గారికి ఒక విన్నపం

శ్రీయుత ఆకుపచ్చ చుక్క గారికి,

నేను పనిలో ఉన్నానని చూపిస్తూ ఆఫీసు చాట్‌లో నా పేరు పక్కన వెలిగే మీకు, భాకరాపేట ఘాటు దాటి తలకోన వైపు పోయే దారిలోని ఒక మామిడితోట నుంచి నమస్కారాలు.

మీరు ఆవగింజంత ఉంటారు. మిమ్మల్ని పోషించడానికి మాత్రం మా కప్పు మీద 330 వాట్ల సోలార్ పలక, మంచం పక్కన 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, దాని నెత్తిన ఇన్వర్టర్, వెదురు బొంగు చివర టవర్ వైపు మొహం పెట్టిన యాంటెన్నా, వీటన్నిటికీ కాపలాగా నేను. కరెంటు స్తంభాలు మా తోటకు చాలా ముందే ఆగిపోయాయి. మీరు ఆగలేదు.

పట్నం వదిలి, లిఫ్టు వదిలి, కరెంటు బిల్లు వదిలి అడవి పక్కకు వచ్చినవాళ్ళంతా ‘స్వేచ్ఛ’ అని ఫొటోలు పెడతారు. అందులో ఊయల ఉంటుంది, కాఫీ ఉంటుంది, వెనక చెట్లుంటాయి. ఊయల్లో ఉన్నవాడి ఒళ్ళో ల్యాప్‌టాప్ కూడా ఉంటుంది. దాని తెర మనవైపు తిప్పి ఉండదు కాబట్టి మీరు కనపడరు, అంతే.

మీ భోజనం ఖర్చు ఒకసారి చూడండి. మంచి ఎండ రోజున పలక ఇవ్వాల్సింది లెక్కకు 1,600 వాట్-అవర్ల పైమాటే. వేడికీ, దుమ్ముకీ, ఇన్వర్టర్ తీసుకునే కమీషన్‌కూ పోగా వెయ్యి చిల్లర చేతికొస్తుంది. ల్యాప్‌టాప్‌కు 60 వాట్లు, రూటర్‌కు 10, ఫ్యాన్‌కు 30. గంటకు వంద. పొద్దున పదింటికి మీరు వెలిగితే రాత్రి పదకొండు దాకా ఆరరు. పదమూడు గంటలంటే 1,300. మిగతాది ఎక్కణ్ణుంచి తేవాలి? ఫ్యాన్ ఆపి తెస్తున్నాను. మీకు చెమట పట్టదు గదా.

బ్యాటరీ ఉంది కదా అంటారేమో. సీసం బ్యాటరీకి ఒక మర్యాద ఉంది. సగం కంటే కిందికి రోజూ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు కరిగిపోతుంది. కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉన్నా వాడుకోదగ్గది 900. పైగా అప్పుడప్పుడూ మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. తిరుపతిలో బ్యాటరీ అమ్మిన అతను ఫోన్ చేసినప్పుడల్లా ముందు “నీళ్ళు పోస్తా ఉండారా సార్?” అనే అడుగుతాడు. నా బాగోగులు అంత శ్రద్ధగా మా మేనేజర్ కూడా అడగడు. మీరు వెలుగుతున్నారా లేదా అన్నది మాత్రం చూస్తాడు.

తిరుపతిలో ఎండకేం కొదవ అని హైదరాబాద్ టీమ్ వాళ్ళు అంటుంటారు. పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకీ దాని శక్తి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం కప్పు మీద పలక 65 డిగ్రీలకు చేరితే ఆరో వంతు అక్కడే ఆవిరి. ఇక కోతుల సంగతి. అవి తోతాపురి కాయ కొరికి, తినడానికి పలక మీదే కూర్చుంటాయి. లోపల సెల్స్ అన్నీ వరసగా కట్టి ఉంటాయి, ఒక మూల నీడ పడితే ఆ వరసంతా నీరసిస్తుంది. ‘కోతి కూర్చుంది, మీటింగుకు రెండు నిమిషాలు ఆలస్యం’ అని మెసేజ్ పెడితే మేనేజర్ నవ్వుతున్న బొమ్మ పంపాడు. జోకు అనుకున్నాడు పాపం.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. అసలు పేచీ వేరే ఉంది. మా సూర్యుడు సాయంత్రం ఆరున్నరకు లాగవుట్ అవుతాడు. క్లయింటు రాత్రి ఎనిమిదిన్నరకు లాగిన్ అవుతాడు. అంటే మీరు వెలిగేది మా తోట మీద పడే ఎండ లెక్కన కాదు, న్యూయార్క్‌లో పడే ఎండ లెక్కన. పగలంతా మామిడిచెట్ల మీదుగా పోగేసిన వెలుతురును సీసం డబ్బాలో దాచి, రాత్రి చీకట్లో దోమల మధ్య కూర్చుని మీకు తాగిస్తున్నాను, అక్కడెవరో పొద్దున కాఫీ తాగుతూ నన్ను ‘అందుబాటులో’ చూసుకోవడానికి.

మా టీమ్‌లో ఇంకొకడు నిజమైన వర్షారణ్యంలో ఉంటాడు. కర్ణాటకలో ఆగుంబె పక్కన, వక్కతోటలో. మాది వర్షారణ్యం కాదని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. శేషాచలం అడవి ఎండాకాలం ఆకు రాల్చేసుకుని కూర్చునే రకం. ఎర్రచందనం సొంత ఊరు. తిరుపతిలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడుతుంది, ఆగుంబెలో ఏడు వేలు దాటుతుంది. వాళ్ళకు ఒక్క జూలైలో పడేదే మనకు ఏడాదంతా పడేదాని కంటే ఎక్కువ. అలాంటి అడవిలో పైకొమ్మలు అల్లుకుపోయిన చోట నేల మీదికి నూటికి ఒకటి రెండు పాళ్ళ వెలుతురు దిగుతుంది. అక్కడ సోలార్ పలక పెడితే నాచు బాగా పెరుగుతుంది.

అందుకని అతను వాగును పట్టుకున్నాడు. మలెనాడులో, అంటే ఆగుంబె ఉన్న కొండసీమలో, చాలా ఇళ్ళకు ఇది పాత విద్యే. గుట్ట మీది నీళ్ళను పైపులో దించి చిన్న టర్బైన్ తిప్పుతారు. సెకనుకు అయిదు లీటర్లు, ఇరవై మీటర్ల ఎత్తు నుంచి పడితే లెక్కకు దాదాపు కిలోవాట్, అందులో సగం చేతికొచ్చినా రాజభోగం. పగలూ రాత్రీ తేడా లేదు. అతని మీద నాకు కడుపుమంట ఉండేది, ల్యాప్‌టాప్ కీల సందుల్లో బూజు మొలిచిందనీ, వానాకాలమంతా దాన్ని బల్బు వెలిగే పెట్టెలో పడుకోబెడతాడనీ తెలిసేదాకా. వేసవిలో వాగు ఎండుతుంది, అప్పుడు పలక. వానల్లో పైపులో ఆకులు ఇరుక్కుంటాయి, అప్పుడు గొడుగేసుకుని జలగలకు కాళ్ళు అప్పగించి గుట్టెక్కడం. ఎందుకు? మీ కోసం. అక్కడా మీరే, ఇక్కడా మీరే.

మాకూ జలపాతం ఉంది కదా అని అడిగారొకరు. తలకోన 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. కానీ అది ఉన్న అడవి 1989 నుంచీ జాతీయ పార్కు. అక్కడ టర్బైన్ పెట్టడానికి పోతే మీకంటే ముందు నేను ఆరిపోతాను. ఆ మధ్య రాత్రిపూట కొత్త బ్యాటరీ వేసుకుని వస్తుంటే చెక్‌పోస్ట్ దగ్గర కారు డిక్కీ తెరిపించారు. దుంగలు లేవు. మూటలో పెట్టిన బ్యాటరీ చూసి వాళ్ళు పడ్డ నిరాశ చూసి నాకే బాధేసింది.

పక్క చేలో రైతుకు పగలు తొమ్మిది గంటల ఉచిత కరెంటు వస్తుంది, బోరు మోటారుకు. ఆయన మంచి మనిషి. “ఒక వైరు లాక్కో నాయనా, ఎవురు సూస్తారు?” అన్నాడు. చూసేవాళ్ళ సంగతి అటుంచండి, వేరుశనగకు నీళ్ళు పారించే కరెంటుతో మిమ్మల్ని తడపడానికి మనసు ఒప్పలేదు.

అయిదు నిమిషాలు మౌస్ కదలకపోతే మీరు పసుపురంగులోకి మారి నా పరువు తీస్తారు. ఆలోచిస్తూ కూర్చున్నవాడు మీ దృష్టిలో పరారీలో ఉన్నట్టే. పనికిరాని మీటింగులో మౌస్ గిరగిరా తిప్పేవాడు కష్టజీవి. అందుకే మౌస్‌ను దానంతటదే కదిపే యంత్రాలు బజార్లోకి వచ్చాయి. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు ఆడుతున్నట్టు నటించారని డజనుకు పైగా ఉద్యోగుల్ని పంపించేసింది. పనిచేస్తున్నట్టు కనిపించమని అడిగిందీ మీరే, కనిపించారని పట్టించిందీ మీరే.

మా అవ్వ పోయిన నవంబరులో వచ్చి వారం ఉంది. తుపాను మబ్బు, నాలుగు రోజులు సూర్యుడు లేడు. ఆమెకు దీపం ఆపి, ఫ్యాన్ ఆపి, మీకు మాత్రం వెలుగు పోస్తుంటే చూసింది. “ఆ సుక్క ఆరిపోతే నీకు జీతం రాదా నైనా?” అంది. వస్తుంది అవ్వా అన్నాను. “మల్ల దేనికి?” అని సంగటి ముద్ద తుంచుకుని, ఊరిబిండి అద్దుకుంది. మా కంపెనీ మానవ వనరుల విభాగం కూడా ఇంత సూటి ప్రశ్న వేయలేదు.

కాబట్టి నా విన్నపం ఏమంటే, ఇకమీదట మీరు మా ఎండ వేళల్లోనే వెలగాలి. క్లయింటు మీటింగు మా పగలు పన్నెండున్నరకు పెట్టించండి. వాళ్ళకు అది తెల్లవారుజాము మూడు గంటలు. ఏం ఫరవాలేదు, తిరుమలలో శ్రీవారికి సుప్రభాతం ఇంచుమించు ఆ వేళకే. సాక్షాత్తు ఆయనకే తప్పనిది క్లయింటుకు తప్పుతుందా? మొదట్లో కళ్ళు మండుతాయి, రెండు నెలల్లో అలవాటవుతుంది. మాకు అలవాటు కాలేదా?

ఇట్లు,
మీ పోషకుడు

తా.క.: ఆగుంబె అతను కూడా ఈ లేఖ మీద సంతకం పెడతానన్నాడు. పైపులో ఆకు ఇరుక్కుందట, తీశాక పెడతాడు.