బస్తా మీద మిగిలిన ఊరు

మొన్న గుంటూరులో బియ్యం కొట్టుకు వెళ్లి, అలవాటు ప్రకారం పాత బీపీటీ బస్తా అడిగాను. ఊరికే ఉండలేక, బీపీటీ అంటే ఏమిటి బాబూ అన్నాను. "కంపెనీ పేరండీ" అన్నాడు కొట్టు కుర్రాడు. ఒళ్లు మండింది. వాడి మీద కాదు.

బీపీటీ అంటే బాపట్ల. ఆ ఊరి శాస్త్రవేత్తలు తయారుచేసిన బీపీటీ 5204 వరి రకం 1986లో సాంబ మసూరిగా విడుదలైంది. అగ్గితెగులుకు ఇట్టే లొంగుతుందనీ, చేతికి రావడానికి దాదాపు 150 రోజులు పడుతుందనీ రైతులు విసుక్కుంటారు. మళ్లీ తమ ఇంట్లో తినడానికి అదే వేసుకుంటారు!

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, మద్రాసు ప్రభుత్వ కాలంలో మొదలైంది. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి దీన్ని తనలో కలుపుకుంది. అంటే తల్లి కంటే బిడ్డ 19 ఏళ్లు పెద్దది. కలపడం తప్పనను. విత్తనం పొలానికి చేరాలంటే ఒక్క కాలేజీ సత్తువ చాలదు. కానీ అత్తవారింటికి వెళ్లినంత మాత్రాన పుట్టింటి ఊసే ఎత్తకూడదా? ఏ ఘనత వచ్చినా విశ్వవిద్యాలయం ఖాతాలో పడుతుంది, కాలేజీ పేరు వార్త చివరి వాక్యంలో ఉంటే ఉంటుంది.

మా పెదనాన్న అక్కడే చదివారు. పట్టా మీద విశ్వవిద్యాలయం పేరే ఉంది. పెళ్లిళ్లలో ఎవరు అడిగినా "మాది బాపట్ల" అనేవారు. అది ఊరి పేరో కాలేజీ పేరో అడిగినవాళ్లకు అర్థమయ్యేది కాదు, ఆయన విడమరచి చెప్పేవారూ కాదు.

1996లో విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్జీ రంగా పేరు పెట్టారు. ఆయన నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆ పేరుతో నాకు పేచీ లేదు. రాష్ట్రం విడిపోయాక ప్రధాన కార్యాలయం మన గుంటూరు పక్కనున్న లాం గ్రామానికే వచ్చింది. ఇక దూరం అనే సాకు కూడా లేదు. 2022లో బాపట్ల వేరే జిల్లా అయింది కదా, గుంటూరువాడివి నీకెందుకు అంటారేమో. అన్నం తింటున్నాను కనుక.

నేను అడిగేది పెద్ద పనేమీ కాదు. బస్తా మీద బీపీటీ కింద "బాపట్ల" అని తెలుగులో అచ్చు వేయండి. బీపీటీ 2270 రకానికి భావపురి సన్నాలు అని పేరు పెట్టినవారికి నా నమస్కారం. భావపురి అంటే బాపట్లే, భావనారాయణస్వామి ఊరు. సూర్యలంక సముద్రానికి కార్లలో దూసుకుపోయేవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసో.

ఇదంతా కుర్రాడికి చెప్పాను. ఓపికగా విని, ధర రాసిన అట్టముక్క తిప్పి "బాపట్ల బియ్యం" అని రాశాడు. ధర మాత్రం తగ్గించలేదు.